నీళ్ల మీద మోపిన నేరం

మా నాయన పొట్టలో నీళ్లు చేరిన ఏడాది సోమశిల డ్యాం కూడా నిండుగా ఉండింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా అమ్మ అనేది. నేను ఉదయగిరిలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని కాబట్టి, సంబంధం లేదని వాదించడం నా ఉద్యోగంలో భాగమనుకునేదాన్ని. నాకు నోరు ఎక్కువ. వాదనలో అమ్మ ఏనాడూ నన్ను గెలవలేదు, నేను ఏనాడూ ఆమెను నమ్మించలేదు.

మా ఊరు ఇప్పుడు లేదు. పెన్న మీద డ్యాం కట్టినప్పుడు నీళ్లలో పోయింది. మాకు ఆత్మకూరు దగ్గర కాలనీలో స్థలాలు ఇచ్చారు. ఊరు వదిలే ముందు మా క్రైస్తవుల ఇళ్లవాళ్లంతా సమాధులు తవ్వి, పెద్దల ఎముకలు కొత్త గుడ్డల్లో కట్టుకుని, ఎడ్లబండ్ల మీద కాలనీకి తెచ్చి, మళ్లీ ప్రార్థన చేసి పూడ్చుకున్నారు. మా నాయన ఒప్పుకోలేదు. "దేవుడు లేపే దినాన మా నాయన నీళ్లలోంచే లేస్తాడు. ఈతొచ్చినోడే గదా" అని నవ్వేశాడు. అలా మా తాత సమాధి ఒక్కటే అక్కడ మిగిలింది. ఆ నవ్వును అమ్మ ఎప్పటికీ క్షమించలేదు.

కొన్నేళ్లకు నాయన కళ్లు పచ్చబడ్డాయి. పసరు తాగించారు, ఉప్పూ కారం మానిపించారు. కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది. నెల్లూరు ఆస్పత్రిలో సూది గుచ్చి నీళ్లు తీశారు. లేత పసుపు రంగు నీళ్లు, బకెట్లో సగం దాకా. వారం తిరక్కముందే పొట్ట మళ్లీ నిండింది. ఆయన మంచం మీద పక్కకు ఒత్తిగిలితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు మాకు వినబడేది. మధ్యాహ్నం పూట, వీధిలో అలికిడి లేనప్పుడు, ఆ చప్పుడు మరీ స్పష్టంగా ఉండేది. అమ్మ చేస్తున్న పని ఆపేసి వినేది. "వాళ్ల నాయన్ని నీళ్లలో వదిలేసొచ్చినాడు. ఆ నీళ్లు ఈయన్ని వెతుక్కుంటా వచ్చినాయి" అనేది. నాయన జీవితంలో సారా ముట్టలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం "తాగుడు అలవాటు ఉండిందా?" అని అడిగి పోయేవాళ్లు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

నాయన పోయాక అమ్మ ఒక నియమం పెట్టుకుంది. ఈస్టరు పొద్దున సమాధులకు సున్నం కొట్టి పూలు పెట్టడం మా ఆచారం. తాత సమాధి అప్పటికింకా నీళ్లలోనే ఉంటుంది కాబట్టి మా ఇంటి ఈస్టరు మే నెలలో వచ్చేది, నీళ్లు వెనక్కి పోయాక. అమ్మ, అన్న, నేను, చెల్లెలు నలుగురం సున్నం డబ్బా పట్టుకుని, పెచ్చులు లేచిన ఒండ్రు మీద మైలున్నర నడిచేవాళ్లం. కాళ్ల కింద నత్తగుల్లలు పటపటమని పగిలేవి. మా గడప రాయి ఇంకా ఉండింది. దాని మీద నిలబడి చూస్తే నాలుగు వైపులా ఎండ తప్ప ఏమీ లేదు. అడ్డంగా ఒక్క గోడ లేదు, గుట్ట లేదు. అయినా అమ్మ మమ్మల్ని కేక వేస్తే ఆ కేక రెండుసార్లు వినబడేది. "నీళ్ల మీద శబ్దం అట్లాగే పోతుంది" అని చెల్లెలికి చెప్పాను. నీళ్లు ఇంకో అర మైలు అవతల ఉన్న సంగతి చెప్పలేదు.

అంతకంటే నాకు నచ్చనిది తాత సమాధి రాయి. చుట్టూ నేల బీటలు తీసి ఉండేది. పక్కన, ఎవరి పెద్దల ఎముకలు వాళ్లు తవ్వుకుపోయిన గుంతలు ఎండి పొడిపొడిగా ఉండేవి. ఆ రాయి మాత్రం అరచేయి ఆనిస్తే చెమ్మ తగిలేది. సున్నం పట్టేది కాదు, జారిపోయేది. అడుగున ఊట ఉంటుంది, రాయి పీలుస్తుంది అని వివరించాను. పక్క గుంతల్లో ఊట ఎందుకు లేదని అన్న అడిగితే కసిరాను.

అన్న టైలరు. ముప్పై అయిదు నిండకుండానే మిషను ముందు కూర్చోలేకపోయాడు, పొట్ట అడ్డం వచ్చింది. నాయనకు పట్టినంత కాలం కూడా పట్టలేదు. నెల్లూరు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. "అమ్మ చెప్పేది నిజమేనేమో మే. లోపల కదలతా ఉండాది చూడు" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. నాయన జబ్బుపడ్డప్పుడు ఎవరూ చేయని పని ఆమె చేసింది. అన్న రక్తం పరీక్షకు పంపి, హెపటైటిస్ బి అని తేల్చి, ఇంట్లో మిగిలిన వాళ్లందరి రక్తమూ అడిగింది. అమ్మ, నేను, చెల్లెలు ఇచ్చాం. చెల్లెలికి అప్పుడు నాలుగో నెల, మొదటి కాన్పు. ముగ్గురి రక్తంలోనూ ఉందని వచ్చింది.

అమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి పోయాను. "ఇది కాలేయాన్ని పట్టే వైరస్. మీ అమ్మగారి రక్తంలో ఎప్పటినుంచో ఉంది. మీ ముగ్గురికీ పుట్టేటప్పుడే వచ్చి ఉంటుంది. మీ నాన్నగారికీ చిన్నతనంలోనే ఎక్కడో వచ్చి ఉండొచ్చు. ఏళ్లకేళ్లు ఊరికే ఉంటుంది. కొందరిలో చివరిదాకా ఊరికే ఉంటుంది, మీ అమ్మగారిలో లాగా. కొందరిలో లోలోపల కాలేయాన్ని రాయిలా చేసేస్తుంది" అంది డాక్టరమ్మ. మందు లేదా అని అడిగాను. మద్రాసులో ఏవో ఇంజెక్షన్లు ఉన్నాయనీ, అందరికీ పనిచేయవనీ, అన్నకు ఆ దశ దాటిపోయిందనీ చెప్పింది. మాకు ఇప్పుడేమీ అక్కర్లేదంది. ఆరు నెలలకొకసారి రక్తం చూపించుకుంటూ ఉండాలి, అంతే. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసుతో తాగితే రాదు, రక్తంతో వస్తుంది, కాన్పులో వస్తుంది.

అమ్మ చెప్పే కథలో మమ్మల్ని చంపేది డ్యాంలో ఉంది. డాక్టరమ్మ చెప్పిన కథలో అది అమ్మలో ఉంది, నాలో ఉంది, గుర్రుపెట్టి నిద్రపోయే చెల్లెల్లో ఉంది. నిజం చెప్తున్నాను, నాకు రెండో కథే ఎక్కువ భయం వేసింది. డ్యాం దగ్గరికి పోకుండా ఉండొచ్చు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. రక్తంలో నలత ఉందట, చూపించుకుంటూ ఉండాలట అన్నాను. ఆ సాయంత్రం అమ్మ కలిపి ఇచ్చిన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాను. కలిసి తింటే రాదని తెలుసు. రావాల్సింది ఎప్పుడో వచ్చేసిందనీ తెలుసు. అయినా ఆగాను, తర్వాత తిన్నాను. అమ్మ చూడలేదనే అనుకున్నాను.

అన్న క్రిస్మస్‌కు ముందే పోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే పని, చెల్లెలి కడుపులోని బిడ్డకు ఇది అంటకుండా చూడడం. దానికి దారి ఉందని డాక్టరమ్మే చెప్పింది. పుట్టిన రోజునే ఒక టీకా వేయాలి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. మొదటి రోజున దాంతోపాటు వేయాల్సిన ఇంకో ఇంజెక్షను ఉందిగానీ అది నెల్లూరులో దొరకలేదు. టీకా ఒక్కటే వేసినా చాలామంది పిల్లలు తప్పించుకుంటారని ఆమె ధైర్యం చెప్పింది. "ఆలస్యం మాత్రం చేయొద్దు. తెచ్చేటప్పుడు చల్లగా ఉంచండి" అంది. ఆ రెండు మాటలూ నోటుబుక్కులో రాసుకున్నాను. మా వంశంలో నీళ్ల చప్పుడు లేని పొట్ట ఒక్కటైనా ఉండాలని నాకు పంతం పట్టింది.

మే నెలలో ఒక పొద్దున చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. ఆత్మకూరులో చిన్న నర్సింగ్‌హోములో చేర్చాం. ఆ టీకా అక్కడి షాపుల్లో ఉండదు. అమ్మ తమ్ముడు, మా మామ, సోమశిల చేపలను ఆటో ట్రాలీలో నెల్లూరుకు వేసేవాడు. అతనితో కలిసి బయల్దేరాను. మందుల షాపతను చిన్న సీసాను అట్టపెట్టెతో సహా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాలుగు ఐసు ముక్కలు వేసి ఇచ్చాడు. మామ దాన్ని చూసి పెదవి విరిచాడు. "ఈ కాసింత ఐసు దోవలో సంగం ఊరి దాకా గూడా రాదు మే. ఈ ఎండకు చేపే కుళ్లిపోతాది, మందు నిలస్తాదా?" అన్నాడు. చేపల థర్మోకోల్ పెట్టె కడిగి, దంచిన ఐసు నింపి, మధ్యలో సీసాను గుచ్చాడు. దాని మీద గుప్పెడు రాళ్లుప్పు చల్లాడు. "ఉప్పేస్తే ఐసుకు బిగువొస్తాది" అన్నాడు.

ఉప్పు కలిస్తే మంచు ఇంకా చల్లబడుతుందని తొమ్మిదో తరగతికి ఏటా నేనే చెప్తాను. మామ చదువుకోకుండానే సైన్సు పట్టేశాడని ముచ్చటేసింది. నేనూ ఇంకో గుప్పెడు వేశాను. అట్టపెట్టె తడుస్తుందని ముందే తీసి బ్యాగులో పడేశాను. దాని మీద ఏం రాసి ఉందో చదవలేదు. కాలనీలో అందరి ఉత్తరాలూ చదివి పెట్టేదాన్ని నేను.

మేం చేరేసరికి మూడయింది. రెండు గంటల ముందే ఆడపిల్ల పుట్టింది. పెట్టె తెరిచి చూస్తే సీసాలో మందు గడ్డకట్టి ఉంది. రోడ్డు మీద తారు కరిగే ఎండలో గడ్డకట్టిన మందు తెచ్చానని పొంగిపోయాను. మామ అందరికీ చూపించి వచ్చాడు. అరచేతుల్లో పెట్టుకుని కరిగించాను. కరిగాక అందులో తెల్లటి పలుకులు తేలాయి. నర్సమ్మ వెలుతురుకు ఎత్తి చూసి, "ఏంది మేడం, ఇరిగిన పాలట్టా ఉండాది?" అంది.

"ఆ మందు అంతే. ఊపి వెయ్యండి" అన్నాను.

ఆమె ఊపి వేసింది. నా గొంతులో ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అన్ని సంగతులకూ నా దగ్గర వివరణ ఉండాలి. ఏనాడూ లేదనలేదు, ఆ రోజూ లేదనలేదు.

నెల తర్వాత రెండో టీకా అదే పెట్టెలో, అదే ఉప్పుతో తెచ్చాం. ఆరో నెలలో మూడోదానికి పోయినప్పుడు షాపతను పెట్టె మూత తీసి వేలు పెట్టి చూశాడు. ముఖం మారిపోయింది. "ఏంది మేడం, ఉప్పేసినారా? ఈ మందు గడ్డ కట్టకూడదు. కట్టిందంటే నీళ్లతో సమానం. ముందు రెండూ గూడా ఇట్టే తీసకపోయినారా?" అన్నాడు.

"లేదు" అన్నాను. అంత వేగంగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. బయటికి వచ్చి మందుల షాపు మెట్ల మీద కూర్చున్నాను. మామ ఏమైందని అడిగితే పొద్దున ఏమీ తినలేదన్నాను.

డాక్టరమ్మకు మాత్రం నిజం చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు కాగితాలు సర్ది, మొదటినుంచీ మళ్లీ సరిగ్గా వేయిద్దామంది. "పుట్టిన రోజు వేసిన టీకా పని చేసి ఉండాల్సింది. ఏడాది దాటాక పిల్ల రక్తం చూద్దాం. అప్పటిదాకా ఏమీ చెప్పలేం" అంది.

ఆ మిగిలిన నెలలు ఎలా గడిపానో చెప్పడం కష్టం. సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఉదయగిరి నుంచి బస్సెక్కి కాలనీకి వచ్చి, పిల్లను ఎండలోకి ఎత్తుకుపోయి కనురెప్పలు తీసి చూసేదాన్ని. పాలలా తెల్లగా ఉండేవి. బొద్దుగా ఉండేది, బాగా నవ్వేది. ఏ రోగమూ కనిపించకపోవడమే ఈ రోగం లక్షణమని తెలిసినవాళ్లకు ఆ నవ్వు చూస్తే వణుకు పుడుతుంది. ఒక మధ్యాహ్నం పాలు తాగి బొర్లాపడిన పిల్ల పక్కకు దొర్లింది. పొట్టలో గుడగుడమని చప్పుడైంది. అమ్మ బియ్యం చెరగడం ఆపేసింది. నేను చదువుతున్న పేపరు దించాను. చెల్లెలు "ఏమైందే మీ ఇద్దరికి?" అని నవ్వింది. పసిపిల్లల పొట్ట అలాగే అంటుందని అందరికీ తెలుసు.

పిల్లకు ఏడాది నిండిన నెలలోనే సమాధికి పోయాం. అమ్మ పట్టుబట్టింది, ఈసారి నేను వాదించలేదు. అమ్మ పిల్లను ఆ రాయి మీద కూర్చోబెట్టింది. పిల్ల అరచేతులతో రాయిని తపతపా కొట్టింది. తర్వాత ఆగి, మేమెవరమూ లేని వైపుకు తల తిప్పి, ఎవరో పిలిచినట్టు ఊఁ కొట్టింది. ఎత్తుకుంటే గౌను వెనక తడిసి ఉంది. పసిపిల్ల గౌను తడవడానికి రాయే అక్కర్లేదని నాకు తెలుసు. అయినా దారి పొడుగునా గట్టిగా పట్టుకునే నడిచాను.

జూన్‌లో నెల్లూరు తీసుకుపోయాం. ఫలితం తీసుకోవడానికి వారం తర్వాత నేనొక్కదాన్నే వెళ్లాను. పిల్ల రక్తంలో ఉంది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆరు నెలలకొకసారి చూడాలి. చాలా ఏళ్లు ఏమీ కాకపోవచ్చు. కొత్తగా ఒక మాత్ర వస్తోందట, ఎప్పుడైనా కాలేయం దెబ్బతినే సూచన కనిపిస్తే మొదలుపెట్టొచ్చట. ఇప్పుడు కాదు, ఇప్పుడు చూస్తూ ఉండడమే. నేను తలూపాను. ఆ మాట మాకు ముగ్గురికీ అలవాటే, నాలుగో పేరుకు కొత్త ఫైలు రాశారు.

కాలనీకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. చెల్లెలు పిల్లను చంకనేసుకుని బోరింగు దగ్గర ఉంది. అమ్మ ఒక్కతే వసారాలో కూర్చుని ఉంది. ఆమె పక్కన కూలబడి అంతా కక్కేశాను. ఉప్పు సంగతి, గడ్డకట్టిన మందు, నర్సమ్మ అడిగిన మాట, నేను చెప్పిన మాట. పిల్లకు వచ్చింది నా వల్లే అన్నాను. ఏడుస్తూ, ఆగలేక, ఇన్నేళ్లూ దాచింది కూడా అనేశాను. "ఇది డ్యాం నీళ్లు కాదమ్మా. మొదట నీ రక్తంలోదే."

అమ్మ చీపురు పుల్ల ఒకటి తీసి విరుస్తూ కూర్చుంది. "తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ దినం నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోతివి. తలుపుకుండేది ఒక గుడ్డ. నాకేమన్నా చెవుడా?" అంది. గొంతులో కోపం లేదు. "ఆ రాత్రి నా చేతి ముద్ద పట్టుకోని ఆలోచన చేస్తివే, అదీ చూసినా. మీ అన్న ఇంకా పానంతో ఉండాడు. వాడు గూడా అట్టా చూస్తే నేను బతకగలనా? అందుకని నీళ్ల మీదే ఏసినా. ముందర నిజంగానే నమ్మినా, ఆ దినంనుంచి కావాలనే చెప్పినా. నీళ్లకేం, ఎంత ఏసినా మోస్తాయి."

బోరింగు ఆగింది. చెల్లెలు బిందెతో వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు గూడా నీళ్ల మీదే ఏసెయ్. దానికి ఉండే అక్క నువ్వొక్కదానివే" అంది.

చెల్లెలు బిందె దించి నా ముఖం చూసింది. చెప్పక్కర్లేకపోయింది. గోడకు ఆనుకుని నిలబడి, పిల్ల తల మీద గడ్డం ఆనించి అడిగింది. "ఇంజెక్షన్లన్నీ ఏపిస్తిమి గదక్కా. పుట్టిన దినమే ఏపిస్తిమి. ఎట్టొచ్చింది?"

చిన్నప్పటినుంచీ అది నా పక్షమే. అమ్మ దయ్యమంటే నా ముఖం చూసేది, నేను కాదంటే నిశ్చింతగా నిద్రపోయేది. ఇప్పుడూ అలాగే నా ముఖం చూస్తోంది. అమ్మ చీపురు పుల్లలు ఏరుకుంటోంది, తల ఎత్తలేదు.

"తాతను వదిలేసొచ్చినాం గదే" అన్నాను. "ఆ నీళ్లే."

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "నువ్వు గూడా అంటా ఉండావంటే నిజమేనక్కా" అని, పిల్లను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టి, నాకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.